పగలు చూచే గూబ

సంస్కృత నిఘంటువులు గుడ్లగూబకు ఇచ్చిన పర్యాయపదాలలో దివాంధం, దివాభీతం అనేవి ఉన్నాయి. పగలు చూడలేనిది, పగటికి జడిసేది అని వాటి అర్థం. కావ్యాలు చదివే మనం ఆ పదాలను నమ్మి పక్షిని చూడడం మరచిపోయాం. పట్టపగలు వేటాడే గూబ ఒకటి మన దేశపు అడవులలోనే ఉన్నది. దానిని ఫారెస్ట్ ఔలెట్ అంటారు.

1872లో బ్లెవిట్ అనే ఆయన నేటి ఛత్తీస్‌గఢ్ ప్రాంతంలో దీనిని సేకరించాడు. మరుసటి ఏడు హ్యూమ్ దీనికి హెటిరోగ్లాక్స్ బ్లెవిట్టి అని శాస్త్రీయ నామం పెట్టాడు. తరువాతి కాలంలో కాంగ్రెసు స్థాపనకు పూనుకొన్న హ్యూమే ఈయన. 1884 తరువాత నమ్మదగిన నమూనా ఒక్కటీ లభించలేదు. అయితే మైనర్ట్‌జాగెన్ అనే బ్రిటిష్ సైనికాధికారి సేకరణలో, 1914లో గుజరాత్‌లోని మాండ్వి వద్ద పట్టినట్లు చీటీ గల నమూనా ఒకటి ఉండేది. ఆ చీటీని నమ్మి వెదికినవారికి పక్షి కనబడలేదు. అది మ్యూజియం నుండి దొంగిలించి, రూపు మార్చి, కొత్త చీటీ కట్టిన పాత నమూనాయేనని పమేలా రాస్‌ముస్సెన్ పరిశోధనలో తేలింది. దొంగతనం కంటె దొంగ చీటీయే పెద్ద నేరమని నా అభిప్రాయం. పోయిన నమూనా ఒక్కటే. చీటీ మాత్రం ఎందరినో దారి తప్పించింది.

ఆమె బెన్ కింగ్, డేవిడ్ అబ్బాట్‌లతో కలిసి, నిజమైన చీటీలు చూపిన చోట్లకే వెళ్లింది. 1997 నవంబరు 25 ఉదయం, మహారాష్ట్రలోని షహాదా సమీపపు అడవిలో ఆ గూబ వారికి కనబడింది. నూట పదమూడేళ్ల ఎడబాటు అలా తీరింది.

హెటిరోగ్లాక్స్ అంటే గ్రీకులో వేరైన గూబ అని అర్థం. నిజంగా ఇది వేరైన ప్రజాతియేనా అన్న వాదం శతాబ్దానికి పైగా సాగింది. జన్యు పరీక్షల ఆధారంగా 2018లో వెలువడిన పరిశోధన, ఇది అథీనీ ప్రజాతి శాఖలోనిదేనని తేల్చింది. అథీనీ గ్రీకుల జ్ఞానదేవత పేరు. మన ఊళ్లలో చెట్ల తొర్రలలో ఉండే చుక్కల చిన్న గూబదీ ఆ ప్రజాతియే. తెలుగువారు గూబ బంగారు కన్నులను చూచి పైడికంటి అన్నారు. ఇది చూచి పెట్టిన పేరు. దివాంధం కంటె నాకు ఇదే ఇష్టం.

మొఘల్‌పురా వంటి పేటల పాత కట్టడాలలో చేరే తెల్లని ముఖపు గూబ వీటికి దగ్గరి చుట్టం కూడా కాదు. దాని కుటుంబం టైటోనిడే, పైడికంటిది స్ట్రిజిడే. మనం మాత్రం అన్నిటినీ కలిపి అపశకునం అంటాం. గూబ ఇంట దూరితే ఇల్లు పాడుపెట్టి పోయేవారున్నారు. వాటిని పట్టడాన్ని, అమ్మడాన్ని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం నిషేధించింది. అయినా దీపావళి ముందు మంత్రతంత్రాల కోసం రహస్యంగా కొనేవారు నేటికీ ఉన్నారు. ఆ బేరంలో ఏ జాతి గూబ అమ్ముడుపోయిందో ఎవరూ రాసిపెట్టరు.