సముద్ర విహారానికి ముందు నీటిని తెలుసుకుందాం

సెలవులు దగ్గరపడగానే ఉట్నూర్‌లో చాలా ఇళ్ళలో విశాఖపట్నం ప్రస్తావన వస్తుంది. రామకృష్ణా బీచ్, కురుసుర జలాంతర్గామి, కైలాసగిరి, రుషికొండ, ఆపైన అరకు, బొర్రా గుహలు. మరికొంత స్తోమత ఉన్నవారు పగడపు దిబ్బలను చూడడానికి అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపానికి వెళ్తున్నారు. అమెరికాలో స్థిరపడిన పిల్లలు తల్లిదండ్రులను మెక్సికోలోని కాంకూన్ తీరానికి కూడా తీసుకుపోతున్నారు. ఇది సంతోషించవలసిన మార్పు. అయితే టికెట్లకు, గదులకు, రుచి చూడవలసిన వంటకాలకు ఎంతో ముందుగా సన్నాహం చేసుకునే మనం, నీటి విషయంలో మాత్రం ఏ సన్నాహమూ లేకుండా బయలుదేరుతున్నాం. అడవుల నడుమ పెరిగిన మనకు ఆ సన్నాహమే అన్నిటికంటె ముఖ్యమని నా అభిప్రాయం.

మనకు వాగులు, చెరువులు తెలుసు. కుంటాల జలపాతం వద్ద ప్రాణాలు పోయిన వార్తలూ మనకు కొత్త కావు. కాని సముద్రం తీరు వేరు. ఒడ్డుకు చేరిన అలల నీరు ఒక్కొక్కచోట ఇరుకైన పాయగా కూడి, వేగంగా లోపలికి మళ్ళుతుంది. ఆ పాయ ఉన్నచోట అలలు తక్కువగా విరుగుతాయి కనుక పైకి ప్రశాంతంగా కనిపిస్తుంది. సముద్రం ఎరుగనివారు క్షేమమని ఎంచుకొనేది తరచుగా ఆ చోటునే. దానికి ఎదురీదితే గజ ఈతగాడైనా అలసిపోతాడు. చిక్కుకున్నవారు ఒడ్డుకేసి ఈదరాదు. ఒడ్డుకు సమాంతరంగా పక్కకు ఈది, ఆ పాయనుంచి బయటపడిన తరువాతే ఒడ్డువైపు మళ్ళాలి. ఈత చాలనివారు తేలుతూ, చేయి ఎత్తి సహాయం కోరాలి. ఎర్రజెండా కనిపిస్తే నీటిలో దిగనే కూడదు.

మునిగిపోయేవారు కేకలు వేస్తారని మనం అనుకుంటాం. ఊపిరికే పెనుగులాడే మనిషికి కేక వేసే శక్తి ఉండదు. చాలాసార్లు మునక నిశ్శబ్దంగా, క్షణాల్లో జరిగిపోతుంది. కనుక నీటిలో ఉన్న పిల్లలను ఒక పెద్దవారు చేతికి అందేంత దూరంలో ఉండి, ఫోను పక్కన పెట్టి, కనిపెట్టుకొని ఉండాలి. ఒకరు మునుగుతుంటే కాపాడబోయి మరొకరు దూకడం వల్లనే ఒకే కుటుంబంలో ఇద్దరు ముగ్గురు పోతున్నారు. దూకవద్దు. తాడు గాని, చీర కొంగు గాని, మూత బిగించిన ఖాళీ డబ్బా గాని విసరండి. ఒడ్డుకు చేర్చిన మనిషికి శ్వాస లేకపోతే పొట్ట నొక్కడం, తలకిందులుగా పట్టి తిప్పడం హానికరం. 108కు ఫోను చేయించి, వెంటనే నోటిద్వారా శ్వాసనందిస్తూ, 30 సార్లు ఛాతీ నొక్కి 2 సార్లు శ్వాస ఇచ్చే పద్ధతిని కొనసాగించాలి.

ఇక ముఖానికి అద్దం తొడిగి, నోట గొట్టం పెట్టుకొని చేసే స్నార్కెలింగ్, గాలి సిలిండరుతో చేసే స్కూబా డైవింగ్. ఆస్తమా, గుండెజబ్బు, మూర్ఛ, చెవి వ్యాధులు ఉన్నవారు తమ వైద్యుని అడగకుండా వీటికి పూనుకోరాదు. జలుబు చేసినప్పుడు కూడా డైవింగ్ వద్దు. విశాఖ యాత్రికులు గమనించవలసిన మరో సంగతి ఉంది. సిలిండరు గాలి పీల్చుతూ లోతుకు దిగినప్పుడు నత్రజని శరీరంలో కరిగి నిలుస్తుంది. కొంత వ్యవధి ఇవ్వకుండా ఎత్తుకు వెళ్తే అది బుడగలై కీళ్ళను, నరాలను బాధించవచ్చు. అరకు సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. ఒక్కసారి డైవింగ్ చేసినా, కనీసం 12 గంటలు ఆగిన తరువాతే ఘాట్ రోడ్డు గాని, విమానం గాని ఎక్కాలి. అరకును ముందు చూసి, డైవింగ్ తరువాత పెట్టుకోవడం ఇంకా తెలివైన పని.

మన ఏజెన్సీ ప్రాంతానికి ప్రత్యేకమైన మాట ఒకటి చెప్పాలి. ఇక్కడి గిరిజన కుటుంబాలలో సికిల్ సెల్ వ్యాధి ఉంది. దీని నిర్మూలనకై 2023లో కేంద్ర ప్రభుత్వం జాతీయ కార్యక్రమాన్ని కూడా ప్రారంభించింది. శరీరంలో నీరు తగ్గినా, చల్లని నీటిలో చాలాసేపు ఉన్నా, ప్రాణవాయువు తగ్గినా ఈ వ్యాధి ఉన్నవారికి తీవ్రమైన నొప్పులు రావచ్చు. ఎండలో తిరిగే రోజుల్లో నీరు తరచుగా తాగాలి. ప్రయాణానికి ముందు రక్తపరీక్ష చేయించుకొని, వైద్యుని సలహా పొందాలి.

భోజనం విషయంలో ఒకే నియమం: ఐసులో ఉంచిన తాజా చేపనే తినండి. కొన్ని రకాల చేపలు ఎండకు నిలువ ఉంటే వాటిలో హిస్టమిన్ పెరుగుతుంది. ఎంత బాగా వేయించినా అది పోదు. ముఖం ఎర్రబడడం, దద్దుర్లు, తలనొప్పి దాని లక్షణాలు. రొయ్యలు, పీతలు ఎన్నడూ తినని పిల్లలకు మొదటిసారి కొద్దిగానే పెట్టి చూడాలి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2021లో లోకమంతటా సుమారు 3 లక్షలమంది నీట మునిగి మరణించారు. ఏటా జులై 25ను ఐక్యరాజ్యసమితి మునక నివారణ దినంగా పాటిస్తున్నది. బడి పిల్లలకు ఈత, నీటి జాగ్రత్తలు, రక్షణ పద్ధతులు నేర్పాలని ఆ సంస్థ సూచన. మన ఆశ్రమ పాఠశాలల్లో ఆటలున్నాయి, పరుగుపందేలున్నాయి. ఈత ఎందుకు ఉండకూడదు? శిక్షకుని పర్యవేక్షణలో నేర్పే ఈత విలాసం కాదు, టీకా వంటి రక్షణ. గ్రామపెద్దలు, ఉపాధ్యాయులు, సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ అధికారులు ఈ విషయం ఆలోచించాలని కోరుతున్నాను. అంతవరకు ఈత రానివారు మోకాటి లోతు దాటకుండా, కాపలా ఉన్న తీరాలలోనే సముద్రాన్ని ఆస్వాదించాలి. అలల సొగసు ఒడ్డున కూర్చుని చూసినా తరగదు.