రైలు రాని రేవు

మన గోపాలపూర్‌కు రైలు స్టేషన్ ఎందుకు లేదని పిల్లలు అడుగుతుంటారు. 1893-96 మధ్య విజయవాడ నుంచి కటక్ దాకా వేసిన ఈస్ట్ కోస్ట్ రైల్వే, ఇక్కడికి సుమారు 16 కిలోమీటర్ల దూరాన బరంపురం మీదుగా సాగింది. స్టేషన్ అక్కడే వెలిసింది.

అంతకుముందు దూరపు సరుకుకు ఓడలే ఆధారం. ఓడ ఒడ్డుకు రాలేదు. మేకుల్లేకుండా కొబ్బరితాళ్లతో కుట్టిన మసూలా పడవలే కెరటాలు దాటించి మూటలు చేర్చేవి. ఎక్కించే కూలి, దించే కూలి, తడిస్తే నష్టం. రైలుకు ఆ బెడద లేదు. లెక్క తెలిసిన షావుకారు ఎటు మొగ్గుతాడో వేరే చెప్పాలా?

రంగూన్ ప్రయాణికులు మాత్రం ఈ రేవును వదల్లేదు. రెండో ప్రపంచ యుద్ధంతో ఆ సందడీ పోయింది. మీ ఇంట్లో రంగూన్ వెళ్లొచ్చిన తాతగారి కబుర్లు తెలిసిన పెద్దలుంటే, ఈ సెలవుల్లోనే అడిగి రాసిపెట్టుకోండి.