మల్లెకు కత్తెర

మల్లె గుబురుగా పెరిగియు పూయకున్నచో గృహస్థుడు ఎరువును నిందించును. లోపము అతని జాలిగుండెలో కలదు. కత్తెర వేయుటకు చేయి రాదు. మల్లె పూచునది క్రొత్త చిగుళ్ల కొసలయందే. కార్తీకము నుండి నీరు తగ్గించి, పుష్యమాసమున కొమ్మలను మోకాలెత్తున కత్తిరించి, ఆకు దూసి, పాదు త్రవ్వి, పశువుల ఎరువు వేసి నీరు పెట్టినచో ఫాల్గుణ చైత్రములకు మొగ్గ తొడుగును. నీడన నాటినది ఆకు నిచ్చునే గాని పూవు నీయదు.

మల్లిక యనగా పుష్పవిశేషమని ప్రతిపదార్థము వ్రాసిన విద్యార్థికి మార్కులు వచ్చును గాని, ఆ పూవును మొల్ల నుండి వేరుచేసి చూపుమన్నచో నిలిచిపోవును. ఆ తప్పు వానిది కాదు. పాఠశాల ఆవరణమున ఎండ తగులు మూల ఒకటి చాలును. తొలకరిలో నాటిన కొమ్మ బ్రతుకును. ప్రక్కనే మొల్లయు నున్నచో, చలికాలపు పూవేదో, వేసవి పూవేదో పిల్లలే చెప్పుదురు. కవయిత్రి మొల్ల పేరును వేరుగా వివరింప పనిలేదు.