గల్ఫ్ వీసాలు: చేతిపనివారు చూడవలసినదేమిటి?

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాదు, కామారెడ్డి, నిర్మల్ ప్రాంతాల పల్లెల్లో గల్ఫ్ మాట వినబడని ఊరు అరుదు. ఒకప్పుడు అటు పోయినవారిలో ఎక్కువమంది బోర్లు ఎండి, సేద్యం గిట్టక పార పక్కన పెట్టినవారు. ఇప్పుడు చేతిలో పని ఉన్నవారు కూడా పోతున్నారు. సెంట్రింగు మేస్త్రీలు, రాడ్డు కట్టేవారు, వెల్డర్లు, ప్లంబర్లు, కరెంటు పనివారు, టైల్స్ పరిచేవారు, ఎ.సి. మెకానిక్కులు వీరిలో ఉన్నారు. వీరి పనికి అక్కడ గిరాకీ ఉన్న మాట నిజం. అయితే ఆ గిరాకీకి తగిన జీతం వస్తుందా రాదా అన్నది చేతిపనిని బట్టి గాక వీసా కాగితాన్ని బట్టి తేలుతున్నది. విచారకరమైన విషయమేమంటే, ఏ దేశం, ఎంత జీతం అని అడిగేవారే గాని, ఏ వీసా అని అడిగేవారు మన పల్లెల్లో బహు తక్కువ.

ఏజెంటు ‘వీసా వచ్చింది’ అనగానే ఇంటిల్లిపాదీ సంబరపడతారు. ఆ వచ్చినది కంపెనీ వీసానా, విజిట్ వీసానా, ఆజాద్ వీసానా, లేక ఇంటి పని వీసానా? అందులో రాసిన పని ఏది? ఇది తెలుసుకోకుండానే అప్పు తెచ్చి డబ్బు కట్టడం జరుగుతున్నది.

ఆజాద్ వీసా సంగతి మొదట చెప్పుకోవాలి. పేరు ఆజాద్ అయినా అందులో స్వేచ్ఛ లేదు. ఆ పేరుతో వీసా ఏ గల్ఫ్ దేశపు చట్టంలోనూ లేదు. అక్కడి ఆసామి ఒకడు తన పేరున వీసా తీసి అమ్ముకుంటాడు. కొన్నవాడు ఆ కఫీలు వద్ద పనిచేయడు. బయట ఎక్కడ పని దొరికితే అక్కడ చేసుకుంటూ, అకామా రెన్యూవలు చేయించినప్పుడల్లా కఫీలుకు ముట్టజెప్పుకోవాలి. కఫీలు వద్ద గాక మరొకరి వద్ద పనిచేయడం ఆ దేశపు చట్టం ప్రకారం నేరమే. కఫీలుకు ఆశ పెరిగినా, అడిగినంత డబ్బు అందకపోయినా ‘పారిపోయాడు’ అని రాసి ఇస్తే చాలు. సౌదీలో దీనినే హురూబ్ అంటారు. ఆ రోజు నుంచి ఎంత పనిమంతుడైనా ఖల్లివెల్లి అయిపోయినట్లే. జబ్బు చేస్తే ఆసుపత్రికి పోవడానికి భయం, ఇంటికి రావడానికి దారి లేదు. మళ్లీ ఎప్పుడో క్షమాభిక్ష ప్రకటించే దాకా ఎదురుచూడవలసిందే. సౌదీ 2013లోనూ 2017లోనూ, కువైట్ 2018లోనూ 2024లోనూ, ఎమిరేట్స్ 2018లోనూ 2024లోనూ అలాంటి గడువులు ఇచ్చాయి. ఇచ్చినప్పుడల్లా మన జిల్లాల వారు ఔట్‌పాసు కోసం వరుసల్లో నిలబడ్డారు.

ఆజాద్ వీసాపై పోయి బాగుపడినవారు లేరని కాదు. పని బాగా వచ్చిన ఎ.సి. మెకానిక్కు, టైల్స్ మేస్త్రీ కంపెనీ జీతానికి మించి సంపాదించిన సందర్భాలున్నాయి. ఊళ్లో అందరికీ కనబడేది వారు కట్టిన డాబా ఇల్లే. జైలులో ఉన్నవాని ఇంటి తలుపు మూసి ఉంటుంది గనుక అది ఎవరికీ కనబడదు.

విజిట్ వీసాది మరో తీరు. ‘ముందు దుబాయి చేరుకో, అక్కడ మార్పించేస్తాం’ అని ఏజెంట్లు నమ్మబలుకుతారు. విజిట్ వీసాపై పని చేయడం ఎమిరేట్స్ చట్టం ప్రకారం చెల్లదు. 2024లో ఆ దేశం చట్టాన్ని సవరించి, పర్మిటు లేనివారిని పనిలో పెట్టుకున్న యజమానులకు లక్ష దిర్హాముల నుంచి పది లక్షల దిర్హాముల వరకు జరిమానా పెట్టింది. అంతటి జరిమానా నెత్తిన ఉండగా యజమాని కాగితం లేనివాణ్ణి దాచి పెట్టుకుంటాడా, అవసరం తీరాక వదిలించుకుంటాడా అన్నది ఆలోచించుకోవాలి. పైగా విజిట్ వీసాపై పోయినవానికి ఒప్పంద పత్రం ఉండదు. జీతం ఇవ్వలేదని రాయబార కార్యాలయానికి పోయినా చూపడానికి చేతిలో ఏమీ ఉండదు.

ఇక అసలు కంపెనీ వీసాలోనే ఉన్న చిక్కు చాలామందికి తెలియదు. వీసాలో ఒక పని పేరు రాసి ఉంటుంది. పదేళ్ల అనుభవం ఉన్న వెల్డరును మామూలు కూలీ వీసాపైనో క్లీనరు వీసాపైనో పంపుతారు. ‘ఏదైతేనేం, అక్కడ వెల్డింగే చేస్తావు’ అంటారు. చేయించుకునేది వెల్డింగే అయినా ఇచ్చేది కూలీ జీతమే. పేచీ వస్తే అక్కడి కార్మిక కార్యాలయం చూసేది కాగితంలో రాసిన పనినే. ఆ పని పేరు అరబ్బీలో ఉంటుంది గనుక, డబ్బు కట్టకముందే అరబ్బీ తెలిసినవారి చేత చదివించుకోవడం మంచిది.

మరీ నష్టం కలిగించేవి ఇంటి డ్రైవరు, తోటమాలి, గొర్రెల కాపరి వంటి వీసాలు. ఇవి తేలికగా దొరుకుతాయి గనుక ప్లంబర్లకు, కరెంటు పనివారికి కూడా అంటగడుతున్నారు. సౌదీ 2021 మార్చిలో తెచ్చిన మార్పుల ప్రకారం ఏడాది పని చేసిన కార్మికుడు కఫీలు అనుమతి లేకుండానే మరో కంపెనీకి మారవచ్చు, దేశం విడిచి రావచ్చు. కానీ ఇంటి పనివారికి, ఇంటి డ్రైవర్లకు, తోటమాలులకు, కాపరులకు ఆ మార్పులు వర్తించవు. కంపెనీ వీసాపై పోయిన ప్లంబరుకు దొరికే హక్కు, అదే ఊరి నుంచి తోటమాలి వీసాపై పోయిన ప్లంబరుకు దొరకదన్న మాట. కువైట్‌లోనూ ఇటువంటి తేడా ఉంది. 18 నంబరు వీసా ప్రైవేటు కంపెనీలది, 20 నంబరు ఇంటి పనిది. 20 నుంచి 18కి మారడానికి 2024 జూలై 14 నుంచి సెప్టెంబరు 12 వరకు ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారంటే మామూలు రోజుల్లో అది ఎంత కష్టమో గ్రహించవచ్చు.

ఖతర్ సంగతి కొంత మేలు. 2020లో ఆ దేశం పాత యజమాని అనుమతి లేకుండా పని మారే వీలు కల్పించింది. 2021 మార్చి నుంచి నెలకు వెయ్యి రియాళ్లు కనీస వేతనమని, తిండి పెట్టకపోతే మరో 300, వసతి ఇవ్వకపోతే మరో 500 ఇవ్వాలని నిర్ణయించింది. అయితే ఈ కనీస వేతనం ఎవరికైనా ఒకటే. మేస్త్రీ తన పనికి ఇంతకు ఎంత మించి రాయించుకున్నాడన్నది ఒప్పందంలో చూసుకోవలసినదే.

ఖర్చు విషయంలో మన పల్లెల లెక్క తలకిందులుగా ఉన్నది. 1983 వలసల చట్టం కింద లైసెన్సు పొందిన ఏజెంటు పనివాని వద్ద తీసుకోదగిన సర్వీసు చార్జి 30 వేల రూపాయలు మించరాదు. దానిపై 18 శాతం జి.ఎస్.టి. కలిపితే 35,400 రూపాయలు. దానికి రసీదు ఇవ్వాలి. కాని మండలాల్లో తిరిగే సబ్ ఏజెంట్లు లైసెన్సు లేకుండానే లక్షల్లో వసూలు చేస్తున్నారు, రసీదు మాట ఎత్తనివ్వరు. లక్షన్నర రూపాయలు నూటికి రెండు చొప్పున తెస్తే నెలకు మూడు వేలు మిత్తికే పోతుంది. రెండేళ్ల ఒప్పందం ముగిసేసరికి మిత్తి ఒక్కటే 72 వేలు, అసలు అలాగే ఉంటుంది. సబ్ ఏజెంట్లలో అందరూ దొంగలు కారు. తాము కూడా ఒకప్పుడు అక్కడ పని చేసి వచ్చి, తెలిసిన కఫీలు ద్వారా నాలుగు వీసాలు తెచ్చినవారు ఉన్నారు. ‘మనవాడే గదా’ అన్న ధీమా అక్కడి నుంచే వస్తున్నది. కానీ కాగితం తేడా వచ్చిన రోజున మనవాడైనా చేయగలిగింది ఏమీ ఉండదు.

పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టుపై ఇ.సి.ఆర్. ముద్ర ఉంటుంది. గల్ఫ్ సహా 18 దేశాలకు వారు ఉద్యోగానికి పోవాలంటే వలసదారుల రక్షణాధికారి అనుమతి కావాలి. ఇది అడ్డంకి అని చాలామంది విసుక్కుంటారు, విజిట్ వీసా బాట పట్టేది కూడా అందుకే. నిజానికి అది రక్షణ. ఒప్పందం ఆన్‌లైనులో ఈ-మైగ్రేట్ లెక్కలోకి ఎక్కుతుంది. ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా పది లక్షల బీమా ఉంటుంది. విజిట్ వీసాపై పోయినవానికి ఆ బీమా లేదు.

ఇందులో ఒక విడ్డూరం ఉంది. పది పాసై ఐ.టి.ఐ. చేసిన యువకునికి ఆ ముద్ర ఉండదు గనుక ఎవరూ ఆపరు, ఎవరూ అడగరు. చదువుకున్నవాడే ఎక్కువగా మోసపోవడానికి దారి తెరచి ఉన్నదన్న మాట. ఇటువంటివారు కూడా పేరు నమోదు చేయించాలని కేంద్రం 2019 జనవరి 1 నుంచి నియమం తేదలచి, చివరకు నిలిపివేసింది. కాబట్టి వారి జాగ్రత్త వారే పడవలసి వస్తున్నది. ఐ.టి.ఐ. సర్టిఫికెట్టు ఉన్నవారు ఒక సంగతి గుర్తించాలి. ప్లంబింగు, ఎలక్ట్రికల్, వెల్డింగు వంటి పనులకు సౌదీ మన దేశంలోనే నైపుణ్య పరీక్ష పెట్టి, పాసైనవారికే ఆ పని వీసా ఇచ్చే పద్ధతి తెచ్చింది. పరీక్ష రాయడం ఇష్టం లేక కూలీ వీసాపై పోవడం చేతిలోని సర్టిఫికెట్టును మురికికాలువలో వేయడమే.

గల్ఫ్ ఒక్కటే దారి అనుకోనక్కరలేదు. జపాన్ 2019 ఏప్రిల్‌లో నిర్దిష్ట నైపుణ్యాల వీసా మొదలుపెట్టింది, 2021 జనవరిలో మన దేశంతో ఒప్పందం కుదిరింది. జపాను భాష కొంత, పని పరీక్ష ఒకటి పాసు కావాలి. మొదటి తరగతి వీసాపై అయిదేళ్లు ఉండవచ్చుగాని కుటుంబాన్ని తీసుకుపోరాదు. జర్మనీకి పోవాలంటే రెండేళ్లు తక్కువగాని చదువును వారు గుర్తించాలి, భాష నేర్వాలి. ఓపిక, వయస్సు ఉన్న ఐ.టి.ఐ. విద్యార్థికి అది మంచి బాట. ముప్పయ్యయిదు దాటి, పిల్లల ఫీజులు నెత్తిన ఉన్న మేస్త్రీకి ఏడాది భాష నేర్చుకుంటూ కూర్చోమని చెప్పడం కుదిరే పని కాదు. 2023 నవంబరులో కుదిరిన ఒప్పందం మీద 2024లో ఇజ్రాయెల్‌కు సెంట్రింగు, రాడ్ బెండింగు, టైల్స్, ప్లాస్టరింగు పనివారిని ప్రభుత్వాల ద్వారానే తీసుకున్నారు. అక్కడ అడిగింది చదువు కాదు, చేతిపనే. జీతం గల్ఫ్ కంటే చాలా ఎక్కువ. కాని అది యుద్ధం నడుస్తున్న చోటికి పోవడం. ఆ నిర్ణయం ఇంట్లో ఆడవారితో కూర్చుని మాట్లాడి తీసుకోవలసినదే గాని ఏజెంటు కచేరీలో తీసుకోవలసినది కాదు.

రాష్ట్ర ప్రభుత్వ సంస్థ తెలంగాణ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ ఇటువంటి ఉద్యోగాలకు ఎంపికలు జరుపుతున్నది. ఆ సంస్థ పేరైనా తెలియని మేస్త్రీలు ఎందరో. ఏజెంటు లైసెన్సు నిజమా కాదా అన్నది ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు, ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం ఉచిత ఫోను 1800 11 3090 కు అడగవచ్చు. గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు అయిదు లక్షల సాయం ఇచ్చేందుకు రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. హైదరాబాదు ప్రజాభవన్‌లో ప్రవాసీల ఫిర్యాదులు తీసుకునే ఏర్పాటు కూడా ఆ ఏడే మొదలయింది. ఇవి మంచివే. అయితే రెండూ నష్టం జరిగిన తరువాతి ఏర్పాట్లు. పోకముందు కాగితం చదివి చెప్పే మనిషి మండలంలో ఒక్కడూ లేడు.

జిల్లా కలెక్టరు కార్యాలయంలో వారానికి ఒకరోజు వీసా, ఒప్పందం చూసి చెప్పగల ఉద్యోగిని కూర్చోబెట్టడం పెద్ద ఖర్చు కాదు. అరబ్బీ చదవగలవారు, గల్ఫ్‌లో ఇరవై ఏళ్లు చేసి వచ్చినవారు మన ఊళ్లలోనే ఉన్నారు, వారి సాయం తీసుకోవచ్చు. ప్రతి ఐ.టి.ఐ.లో చివరి పరీక్షలు ముగిసే నెలలో ఒక పూట కార్మిక శాఖాధికారులు వచ్చి ఏ వీసాకు ఏ హక్కు ఉన్నదో చెప్పాలి. లైసెన్సు లేక వసూళ్లు చేస్తున్నవారి పేర్లు పోలీసు స్టేషనులో కాకుండా గ్రామ పంచాయతీ నోటీసు బోర్డుపైనే ఉండాలి. వచ్చే ప్రజావాణిలో ఈ విషయం ప్రస్తావనకు తేవలసిన బాధ్యత గల్ఫ్ కుటుంబాలు ఎక్కువగా ఉన్న ఊళ్ల సర్పంచులపై ఉన్నది.