ఆమె సంతకం ఒక్కటే చాలు

నెల తప్పింది, ఈ గర్భం వద్దు అనుకున్న స్త్రీకి మన ఊళ్లలో మొదట గుర్తొచ్చేది ఆసుపత్రి కాదు, మందుల షాపు. చాలాసార్లు తాను వెళ్లదు, భర్తనో స్నేహితురాలినో పంపుతుంది. ‘అబార్షన్ కిట్’ అనగానే చిన్న పెట్టె ఒకటి కౌంటరు దాటి వస్తుంది. ఎన్ని వారాలైందని అడిగేవారు ఉండరు. ఒంట్లో రక్తం ఎంత ఉందో చూసేవారు ఉండరు. ఆ రాత్రి ఏం జరుగుతుందో, ఏది మామూలో, ఏది ప్రమాదమో చెప్పేవారు అసలే ఉండరు.

ఇది ఎక్కడో ఒకచోట జరిగే సంగతి కాదు. 2015లో దేశంలో కోటీ 56 లక్షల గర్భస్రావాలు జరిగాయని, వాటిలో 73 శాతం ఆసుపత్రి గడప తొక్కకుండా మాత్రలతోనే జరిగాయని 2018లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అధ్యయనం అంచనా వేసింది. గర్భస్రావాల్లో నాలుగో వంతుకు పైగా ఇంట్లో స్త్రీ తనంతట తానే చేసుకున్నవని 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే కూడా చెప్పింది. చట్టబద్ధమైన సేవ అర్ధశతాబ్దంగా ఉన్న దేశంలో ఈ పరిస్థితి ఎందుకు?

డబ్బు, దూరం, పరువు అనే మూడు కారణాలు అందరికీ తెలిసినవే. నాలుగోది కూడా ఉంది: ఆసుపత్రి లోపల ఏం జరుగుతుందో తెలియకపోవడం. భర్తను తీసుకురమ్మంటారేమో, పోలీసులకు చెబుతారేమో, కడుపు కోస్తారేమో, ఊరంతా తెలిసిపోతుందేమో అన్న భయాలే ఆమెను ఆసుపత్రికి దూరంగా ఉంచుతున్నాయి. మొదటి మూడు కారణాలు తొలగడానికి ఏళ్లు పట్టవచ్చు. నాలుగోదాన్ని తొలగించడానికి నిజం చెబితే చాలు.

చట్టం ఏం చెబుతోంది

గర్భస్రావం చేయడం మన శిక్షాస్మృతిలో నేరం. పాత ఐపీసీలో 312వ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 88వ సెక్షన్ ఆ మాటే చెబుతాయి. దీనికి మినహాయింపుగా శాంతిలాల్ షా కమిటీ సిఫార్సుల మీద 1971లో వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం వచ్చింది, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. 2021 సవరణ తర్వాత 20 వారాల వరకు ఒక్క డాక్టరు అభిప్రాయం సరిపోతుంది. 20 నుంచి 24 వారాల మధ్య ఇద్దరు డాక్టర్లు కావాలి, అదీ నిబంధనల్లో పేర్కొన్న వర్గాలకే.

పెళ్లి సంగతిలోనూ ఆ సవరణ పెద్ద మార్పు తెచ్చింది. గర్భనిరోధక సాధనం విఫలమైన సందర్భంలో ‘వివాహిత, ఆమె భర్త’ అని ఉన్నచోట ‘ఏ స్త్రీ అయినా, ఆమె భాగస్వామి’ అని మార్చారు. పెళ్లికాని స్త్రీకి 24 వారాల వరకు కూడా వివాహితతో సమానమైన హక్కు ఉంటుందని సుప్రీంకోర్టు 2022 సెప్టెంబర్ 29న తీర్పిచ్చింది.

అన్నిటికంటే ముఖ్యమైనది సంతకం. పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీ విషయంలో చట్టం అడిగేది ఆమె సమ్మతి ఒక్కటే. భర్త, తండ్రి, అత్తగారు ఎవరి సంతకమూ అక్కర్లేదు. పెళ్లి సర్టిఫికెట్ అడిగే అధికారం ఎవరికీ లేదు. మైనరుకూ, మానసిక రుగ్మత ఉన్నవారికీ మాత్రం సంరక్షకుల సంతకం కావాలి. మైనరు విషయంలో పోక్సో చట్టం కింద డాక్టరు పోలీసులకు తెలియజేయాల్సి ఉంటుంది. అయితే ఆ బాలిక, ఆమె సంరక్షకులు కోరితే పేరు, గుర్తింపు వివరాలు బయటపెట్టనక్కర్లేదని 2022 తీర్పే చెప్పింది.

గోప్యత కూడా చట్టం ఇచ్చిన హామీ. ఆమె పేరు అడ్మిషన్ రిజిస్టరు ఒక్కదానిలోనే రాయాలి. కేస్ షీటులోనూ, థియేటర్ రిజిస్టరులోనూ క్రమసంఖ్యే ఉండాలి. సమ్మతి పత్రాన్ని కవరులో పెట్టి సీలు వేసి భద్రపరచాలి. అర్హత లేనివారికి వివరాలు వెల్లడించిన డాక్టరుకు ఏడాది వరకు జైలు శిక్ష పడవచ్చు.

లోపల ఏం జరుగుతుంది

డాక్టరు మొదటి ప్రశ్న: చివరి బహిష్టు మొదటి రోజు ఏది? వారాలు లెక్కించేది ఆ తేదీ నుంచే, కలయిక జరిగిన రోజు నుంచి కాదు. చాలామంది పొరబడేది ఇక్కడే. ఆగస్టు 1న బహిష్టు అయిన స్త్రీకి ఆగస్టు 29 దాటగానే అనుమానం వస్తుంది. అప్పటికే లెక్క ప్రకారం నాలుగు వారాలు గడిచిపోయాయి. మాత్రలతో గర్భస్రావానికి మన దేశంలో అనుమతి ఉన్నది తొమ్మిది వారాల వరకు, అంటే 63 రోజులు. ఈమెకు ఆ గడువు అక్టోబర్ 3తో ముగుస్తుంది. అనుమానం వచ్చాక చేతిలో ఉండేది ఐదు వారాలే కాబట్టి ‘చూద్దాంలే’ అనుకునే ప్రతి వారమూ విలువైనదే.

తర్వాత డాక్టరు పొట్ట, గర్భసంచి పరీక్ష చేస్తారు. హిమోగ్లోబిన్, రక్తం గ్రూపు, మూత్రం పరీక్షలు రాస్తారు. రక్తం ఎనిమిది గ్రాముల కంటే తక్కువుంటే మాత్రలు ఇవ్వరు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎంత సాధారణమో తెలిసినవారికి ఈ ఒక్క పరీక్ష విలువ వేరే చెప్పనక్కర్లేదు. ఆర్‌హెచ్ నెగెటివ్ అయితే తర్వాతి కాన్పులకు ఇబ్బంది రాకుండా ఇంజెక్షన్ ఇస్తారు. స్కానింగ్ అందరికీ తప్పనిసరి కాదు. తేదీలు సరిగ్గా గుర్తులేకపోయినా, గర్భం ట్యూబులో ఉందన్న అనుమానం వచ్చినా అవసరమవుతుంది. ట్యూబులో ఉన్న గర్భం మీద ఈ మాత్రలు పనిచేయవు, ఆలస్యమైతే ప్రాణాల మీదికి వస్తుంది. మందుల షాపులో ఎవరూ కనిపెట్టలేని ప్రమాదం ఇదే.

ఆ తర్వాత డాక్టరు తన అభిప్రాయాన్ని ఒక ఫారంలో రాస్తారు, ఆమె ‘సి’ ఫారం అనే సమ్మతి పత్రం మీద సంతకం పెడుతుంది. కారణం అడిగితే భయపడనక్కర్లేదు. గర్భనిరోధకం విఫలమైందంటే అది కలిగించే మనోవేదననే చట్టం తగిన కారణంగా గుర్తిస్తుంది.

పద్ధతులు రెండు. మొదటిది మాత్రలు. కిట్‌లో మిఫెప్రిస్టోన్ 200 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి, మిసోప్రోస్టాల్ 200 మైక్రోగ్రాముల మాత్రలు నాలుగు ఉంటాయి. ఒకటో రోజు మొదటి మాత్రను నీళ్లతో మింగాలి. గర్భం నిలవడానికి కావలసిన హార్మోను పనిని అది అడ్డుకుంటుంది. మూడో రోజు మిగతా మాత్రలను డాక్టరు చెప్పిన తీరులో నాలుక కిందో, బుగ్గలోనో, యోనిలోనో పెట్టుకోవాలి. అవి గర్భసంచిని ముడుచుకునేలా చేస్తాయి. ఆ రోజు నాలుగు గంటలపాటు ఆసుపత్రిలో ఉండమనవచ్చు, లేదా పరిస్థితి చూసి ఇంట్లోనే వేసుకోమనవచ్చు. పదిహేనో రోజు మళ్లీ వెళ్లి అంతా పూర్తయిందో లేదో చూపించుకోవాలి. సరైన సమయంలో వాడితే నూటికి 95 మందికి పైగా ఈ పద్ధతే సరిపోతుంది.

రెండోది సిరంజి పద్ధతి, డాక్టర్లు ఎంవీఏ అంటారు. 12 వారాల వరకు చేయవచ్చు. గర్భసంచి ముఖద్వారం దగ్గర మత్తు ఇచ్చి, సన్నటి ప్లాస్టిక్ గొట్టం ద్వారా చేతి సిరంజితో లోపల ఉన్నదాన్ని బయటకు లాగుతారు. కోత ఉండదు, కుట్లు ఉండవు. పది పదిహేను నిమిషాల్లో పని అయిపోతుంది, చాలామంది అదే రోజు ఇంటికి వెళ్లిపోతారు. మన దగ్గర ఇంకా వాడుకలో ఉన్న ‘డి అండ్ సి’, అంటే లోహపు పరికరంతో గీకే పద్ధతిని మానుకుని ఎంవీఏ వంటి పద్ధతులే వాడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. ‘కడిగేస్తాం’ అని డాక్టరు అన్నప్పుడు ఏ పద్ధతిలో అని అడిగే హక్కు ఆమెకు ఉంది.

ఇంటికి వచ్చాక

రెండో విడత మాత్రలు వేసుకున్న కొద్ది గంటల్లో కడుపునొప్పి, రక్తస్రావం మొదలవుతాయి. మామూలు బహిష్టు కంటే ఎక్కువగా ఉంటుంది, గడ్డలూ పడతాయి. వికారం, విరేచనాలు, చలి రావచ్చు. నొప్పికి మాత్ర వేసుకోవచ్చు, వేడినీళ్ల కాపడం పెట్టుకోవచ్చు. రక్తం కొద్దికొద్దిగా రెండు వారాల దాకా కనిపించినా కంగారు అక్కర్లేదు.

ప్రమాద సూచనలు మాత్రం ఇంట్లో తోడుగా ఉన్నవారికి కూడా తెలిసి ఉండాలి. వరుసగా రెండు గంటలపాటు గంటకు రెండు ప్యాడ్లు పూర్తిగా తడిసిపోవడం, ఒకరోజు దాటినా తగ్గని జ్వరం, దుర్వాసనతో తెల్లబట్ట, కళ్లు తిరిగి పడిపోవడం, కడుపులో ఒకవైపే తీవ్రమైన నొప్పి వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మాత్రలు వేసుకున్నా అసలు రక్తమే కనిపించకపోతే అదీ ప్రమాద సూచనే. ఇంకో సంగతి: పది రోజులైనా గడవకముందే మళ్లీ గర్భం వచ్చే అవకాశం ఉంటుంది. అందుకే గర్భనిరోధకం మాట ఆ మూడు సందర్శనల్లోనే తేల్చుకోవాలి.

లోపం ఎక్కడుంది

ఈ మాత్రలు చెడ్డవి కావు. వాటివల్ల ప్రపంచవ్యాప్తంగా ఎన్నో ప్రాణాలు నిలిచాయి. సరైన సమాచారం, అవసరమైతే వెళ్లడానికి ఆసుపత్రి అందుబాటులో ఉంటే 12 వారాల లోపు ఇంట్లోనూ సురక్షితంగా వాడవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మార్గదర్శకాలు చెబుతున్నాయి. మన దగ్గర లేనిది ఆ సమాచారం, ఆ ఆసుపత్రి. దేశంలో మాతృమరణాల్లో 8 శాతానికి గర్భస్రావమే కారణమని 2001-03 నాటి శాంపిల్ రిజిస్ట్రేషన్ సిస్టమ్ సర్వే తేల్చింది. వాటిలో ఎక్కువ భాగం ఆపగలిగినవే.

చట్టం ఇచ్చినదాన్ని గడప దగ్గరే లాక్కునే అలవాట్లు కొన్ని ఉన్నాయి. ‘మీ ఆయన్ను తీసుకురామ్మా’ అనడం ఒకటి. ‘కాపర్ టీ వేయించుకుంటేనే చేస్తాం, ఆపరేషన్‌కు ఒప్పుకుంటేనే చేస్తాం’ అనడం ఇంకొకటి. ఇలాంటి షరతులకు చట్టంలో చోటు లేదు. లింగ నిర్ధారణ కేసుల్లో చిక్కుకుంటామన్న భయంతో తొలి వారాల గర్భాన్ని కూడా ముట్టుకోనివారు ఉన్నారు. తొమ్మిది వారాల లోపు స్కానింగ్‌లో ఆడా మగా తెలియదు. ఆడపిల్లల్ని కడుపులోనే చంపే దురాచారాన్ని అణచాల్సిందే కానీ, ఆ పేరు చెప్పి నెల తప్పిన స్త్రీని తిప్పి పంపడం అన్యాయం.

చట్టంలోనూ లోటు ఉంది. తొలి వారాల్లో కూడా నిర్ణయం స్త్రీ కోరిక మీద కాక డాక్టరు అభిప్రాయం మీదే ఆధారపడి ఉంది. ఈ సేవ అందించే అధికారం శిక్షణ పొందిన అల్లోపతి డాక్టర్లకే ఉంది. నర్సులకూ అవకాశం ఇద్దామన్న 2014 ముసాయిదా సవరణ చట్టం కాలేదు. పొరుగున ఉన్న నేపాల్‌లో 12 వారాల వరకు స్త్రీ కోరితే చాలు, శిక్షణ పొందిన ఏఎన్‌ఎంలే మాత్రలు ఇస్తున్నారు. మన పల్లెల్లో ఆర్‌ఎంపీ అని పిలుచుకునే అర్హత లేని వైద్యుడు ఈ ఖాళీని నింపుతున్నాడంటే ఆ తప్పు ఆయన్ను ఆశ్రయించిన స్త్రీది కాదు.

చట్టం మార్చడానికి పార్లమెంటు కావాలి. కానీ ఈ కింది పనులకు జిల్లా కలెక్టరు, జిల్లా వైద్యాధికారి చాలు. ఏరియా ఆసుపత్రులన్నిటిలో కిట్లు, ఎంవీఏ సిరంజిలు ఎప్పుడూ నిల్వ ఉండేలా చూడాలి. ప్రైవేటు ఆసుపత్రులు తమకున్న అనుమతి పత్రాన్ని అందరికీ కనిపించేలా పెట్టాలన్న నిబంధనను అమలు చేయించాలి. వారాలు లెక్కించడం, ప్రమాద సూచనలు గుర్తించడం ఆశా కార్యకర్తలకు నేర్పాలి. ‘పద్దెనిమిదేళ్లు నిండితే మీ సంతకం చాలు, మీ పేరు బయటకు రాదు, ఇక్కడ డబ్బు తీసుకోరు’ అన్న మూడు మాటలు తెలుగులో పెద్ద అక్షరాలతో ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రం గోడ మీద రాయించాలి. లింగ నిర్ధారణ నేరమన్న బోర్డు లేని ఆసుపత్రి లేనప్పుడు, ఈ బోర్డు పెట్టడానికి అడ్డేముంది?

తన శరీరం గురించిన నిర్ణయంలో స్త్రీ సంతకాన్ని యాభై ఏళ్ల కిందటే చట్టం నమ్మింది. ఇప్పుడు ఆసుపత్రులు నమ్మాలి. ఆ నమ్మకం కుదిరిన ఊళ్లో ఆమెకు మందుల షాపు కౌంటరుతో పని ఉండదు.