పెరటి బిళ్ళగన్నేరు: మందా, పంటా?



జగిత్యాల నుండి కోరుట్ల పోవు దారిలో ఏ పల్లెలో దిగినను, సిరిసిల్లలో మగ్గముల చప్పుడు వినవచ్చు ఏ వాడలోనికి పోయినను, గడప ప్రక్కన ఒక బిళ్ళగన్నేరు మొక్క కనిపించును. తెల్లనిదో, గులాబి రంగుదో, ఐదు రేకుల పువ్వు. చాల ఇండ్లలో దానిని నాటినవారు లేరు, నీరు పోసినవారును లేరు. గోడ పగులులో గింజ పడి మొలచినదే. ఏడాది పొడవునా పూయును కనుక దేవుని పటమునకు పూల కొరత ఉండదు. ఇంతగా అలవాటైన మొక్క మనది కాదన్నచో నమ్మువారు తక్కువ.

దీని పుట్టిల్లు ఆఫ్రికాకు తూర్పున సముద్రములో నున్న మడగాస్కర్ దీవి. ప్రపంచములో మరెక్కడను ఇది తనంత తాను పుట్టినది కాదు. 18వ శతాబ్దమున దీని విత్తనములు పారిస్ నగరమునకును, అటనుండి లండనులోని చెల్సీ ఔషధ వనమునకును చేరినవి. 1759లో లిన్నేయస్ పండితుడు దీనికి వింకా రోజియా అని పేరు పెట్టెను. నేటి పేరు కాథరాంథస్ రోజియస్. పూలమీది మోజుతో మనుష్యులే దీనిని ఓడలెక్కించి వెచ్చని దేశములన్నిటికి చేర్చిరి. దీని ప్రజాతిలో 8 జాతులు కలవు. అందు 7 మడగాస్కరువే. మిగిలిన ఒక చిన్న మొక్క మాత్రము భారతదేశమునకును శ్రీలంకకును చెందినది.

పూలను గూర్చి చెప్పుటకు ఇది వ్రాయుట లేదు. ఈ మొక్కపై రెండు మాటలు ఊళ్ళలో వ్యాపించుచున్నవి. ప్రొద్దున్నే నాలుగాకులు నమలినచో చక్కెర వ్యాధి పోవునట! ఎకరములకొలది వేసినచో క్యాన్సరు మందుల కంపెనీలు బంగారపు ధరకు కొనునట! రెంటిలోను కొంత నిజము కలదు. ఆ కొంతను చూచియే జనము మోసపోవుచున్నారు.

మొదట చక్కెర సంగతి. జమైకా దీవిలో కూడ ఈ ఆకు కషాయమును చక్కెర వ్యాధికి త్రాగెడివారు. 1952లో అచ్చటి నుండి కొన్ని ఆకులు కెనడాకు చేరగా, రాబర్ట్ నోబుల్ అను వైద్య శాస్త్రజ్ఞుడు పరీక్షింపజేసెను. ఎలుకలకు రసము త్రాగించిరి. రక్తములోని చక్కెర తగ్గలేదు. సూది ద్వారా ఎక్కించిరి, ఎలుకలే చచ్చినవి. కారణము వెదకగా వాని తెల్ల రక్తకణములు క్షీణించి, రోగక్రిములను ఎదిరింపలేకపోయినవని తేలినది. రక్త క్యాన్సరులో చెడు తెల్లకణములు పెచ్చు పెరుగును గదా, అట్టి కణములను అణచు గుణము ఆకులో నున్నదని అప్పుడు తెలిసినది. నోబుల్, చార్లెస్ బీర్ కలిసి 1958 నాటికి వింబ్లాస్టిన్‌ను వేరు చేసిరి. తరువాత బయటపడిన వింక్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించెను. పిల్లల రక్త క్యాన్సరుకు నేటికిని అది ముఖ్యమైన మందు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర ఔషధముల పట్టికలో నున్నది.

ఇక ఆలోచింపుడు. వైద్యుడు దీనిని మిల్లీగ్రాములలో కొలిచి, సాధారణముగా ఒకసారికి 2 మిల్లీగ్రాములు మించనీయక, నరములోనికి ఎక్కించును. పెరటి ఆకులో ఏ పదార్థమెంత యున్నదో నమలువానికెట్లు తెలియును? చేదుకు మేక సైతము ముట్టని ఆకును, పక్కింటి వారు చెప్పిరని మనిషి నమలుట నాకు వింతగనే తోచును. చక్కెర మాత్రలు మాని ఆకును నమ్మువాడు రెండు విధముల చెడును. పశువులకు కోసి వేయుటయు కూడదు.

రెండవది పంట సంగతి. ఇందు సాధ్యము లేకపోలేదు. తేలికైన చెల్క నేలలలో, నీరు నిలువని చోట, తొలకరికి విత్తినచో వర్షాధారముగనే బ్రతుకును. వరి మడిలో వేయరాదు. నీరు నిలిచినచో మొదలు కుళ్ళును. లక్నోలోని కేంద్ర ఔషధ, సుగంధ మొక్కల సంస్థ నిర్మల్, ధవల్ అను రకములను విడుదల చేసినది. పంటకాలము ఏడాది. ఆరవ నెలలో, తొమ్మిదవ నెలలో ఆకు దూసి నీడలో ఎండబెట్టి, చివర వేళ్ళు త్రవ్వుదురు. రక్తప్రసరణకు వాడు అజ్మలిసిన్ ఆ వేళ్ళలో నుండును. వర్షాధారముగా హెక్టారునకు సుమారు 2 టన్నుల ఎండుటాకు వచ్చునని అంచనా.

అయితే ఒక గ్రాము వింబ్లాస్టిన్ తీయుటకు వందల కిలోల ఎండుటాకు కావలెను. ఖరీదంతయు ఆ తీయు పనిలోనిది, ఆకుది కాదు. మందు అమ్మకముల లాభములో మొక్కను ఇచ్చిన మడగాస్కర్ ప్రజలకే దక్కినది బహు స్వల్పము. మన ఎకరమునకు బంగారమెక్కడిది? కోరుట్ల, మెట్‌పల్లి రైతు తొమ్మిది నెలలు పసుపు పెంచినచో, ధర తగ్గినను నిజామాబాదు మార్కెట్టులో కొనువాడు ఒకడుండును. ఈ ఆకుకు మన దాపున యార్డు లేదు, కాంటా లేదు. విత్తనము అమ్మినవాడే ఆకు కొనవలెను. అతడు రానిచో మూట ఇంటనే యుండును.

కావున నా మాట ఇది: కొనువాని పేరు, కిలో ధర, తేమ ఎంత వరకు ఒప్పుకొనునో, బయానా ఎంతో కాగితముపై పడనిదే గుంట భూమియు వేయవద్దు. వ్రాసి ఇచ్చినచో అర ఎకరముతో ఒక ఏడాది చూడుడు. ఆ కాగితమును సంతకమునకు ముందే మీ రైతు వేదికలో వ్యవసాయ విస్తరణాధికారికి చూపుడు. గ్రామాధికారులు కూడ, ఊరిలో ఇట్టి విత్తనములు అమ్మువాడు దిగినప్పుడు, అతడు నిరుడు ఏ ఊరిలో ఆకు కొనెనో అడిగి, ఆ ఊరి రైతులతో ఫోనులో మాట్లాడవలెను.