చదవడానికి ఫోన్ చాలంటే మేం ఒప్పుకోం



"ఫోన్ ఉంది, ట్యాబ్ ఇస్తున్నారు, ఇంకా ఈ-ఇంక్ రీడర్ దేనికి? అది డబ్బున్నోళ్ల సోకు." హాస్టల్ లైబ్రరీకి ఏం అడగాలన్న చర్చ వచ్చిన ప్రతిసారీ మన సీనియర్లే ఈ మాట అంటున్నారు. మేం ఒప్పుకోవడం లేదు. వెనక నుంచి లైటు కొట్టే తెర మీద నోటిఫికేషన్ చదవొచ్చు, బిట్లు చేయొచ్చు. మూడొందల పేజీల పుస్తకం చదవడం వేరే పని.

కళ్ళు పోతాయి, నీలి వెలుగు కంటిని కాల్చేస్తుంది అని వాట్సాప్‌లో తిరిగేవాటి జోలికి మేం పోం. మా వాదనకు వాటి అవసరం లేదు. మాకు కావాల్సింది ఈ రెండు తెరలూ పనిచేసే తీరు చూడటమే.

ఈ-ఇంక్ తెరలో వెంట్రుక మందమంత బుడగలుంటాయి, వాటిలో నల్ల రేణువులు, తెల్ల రేణువులు. కరెంటు తగిలితే ఏదో ఒక రంగువి పైకొస్తాయి. ఆ తర్వాత కరెంటు లేకపోయినా అక్కడే నిలిచిపోతాయి. అంటే ఖర్చంతా పేజీ తిప్పినప్పుడే, అందుకే ఒక్క ఛార్జింగ్ వారాలు వస్తుంది. ఎండ ఎంత ఉంటే అక్షరం అంత బాగా కనబడుతుంది. ఫోన్ తెర అలా కాదు. వెలిగినంతసేపూ బ్యాటరీ తింటుంది, ఎండలో పెడితే మన మొహమే మనకు కనబడుతుంది.

ఇప్పుడు మన హాస్టల్ గదులు తలుచుకోండి. ప్లగ్ పాయింట్లు ఒకటో రెండో, వాటికోసం వంతులు. వానాకాలం ఏజెన్సీలో గాలివానకు కరెంటు పోతే ఎప్పుడొస్తుందో లైన్‌మన్‌కే తెలీదు. మంచం పక్కనే ప్లగ్ ఉన్న సిటీ వాళ్లకు ఈ-ఇంక్ సోకేమో గానీ, మనకు ఎలా అవుతుంది?

ఇంకోటి. ఫోన్‌లో గ్రూప్-2 ఎకానమీ తెరిచిన పది నిమిషాలకు రీల్స్‌లో ఉంటాం. దాన్ని "ఈ పిల్లలకు క్రమశిక్షణ లేదు" అని మన మీదికే తోసేస్తారు. చూపు మరల్చనివ్వకుండా పట్టుకోవడానికే ఆ యాప్‌లు తయారుచేశారన్న మాట మాత్రం ఎవరూ ఎత్తరు.

2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 8వ తరగతి పిల్లలకు ట్యాబులిచ్చింది. వీడియో పాఠానికి, రంగుల మ్యాపుకు ట్యాబే కావాలి, కాదనడం లేదు. ఈ-ఇంక్‌లో వీడియో చూడటం శిక్షే. కానీ ట్యాబ్ ఇచ్చేశాం కాబట్టి పుస్తకం సంగతి కూడా తీరిపోయింది అనడంతోనే మా పేచీ.

అలాగని ఈ-ఇంక్ అని రాసున్నదల్లా కొనేయమని కాదు. ఇక్కడే అసలు మోసం ఉంది. మన దగ్గరున్న మెటీరియల్ చాలావరకు ఎ4 సైజు పీడీఎఫ్. ఆరంగుళాల రీడర్ తెర వెడల్పు తొమ్మిది సెంటీమీటర్లు, ఎ4 కాగితం 21. అందులో 12 పాయింట్ల అక్షరం ఐదు పాయింట్లకు పడిపోతుంది. ఇంగ్లీషైతే కళ్ళు చికిలించి లాగించొచ్చు. తెలుగులో వత్తులు, గుడులు కలిసిపోయి 'స్త్రీ' ఒక నల్ల చుక్క అవుతుంది. అక్షరం పెద్దది చేసుకుందామంటే అవి స్కాన్లో, అను ఫాంట్లలో కొట్టినవో. తెరకు తగ్గట్టు సర్దుకోవు. పదంగుళాల తెర మీద అదే అక్షరం తొమ్మిది పాయింట్ల దాకా వస్తుంది, హాయిగా చదవొచ్చు. ధర మూడు నాలుగు రెట్లు పైనే, నిజమే. మనిషికొకటి కొనే వస్తువు కాదది, లైబ్రరీ కొనాల్సిన వస్తువు.

కిండిల్ స్టోర్ 2016లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు మొదలుపెట్టింది. తెలుగును పక్కన పెట్టింది. కోట్ల మంది మాట్లాడే తెలుగుకే ఆ గతి పడితే కోయ, గోండి, సవర సంగతి ఎవరడుగుతారు? గుంజాలలో దొరికిన గోండి లిపికి 2018లోనే యూనికోడ్‌లో చోటు వచ్చింది. కాబట్టి మన ఫాంట్ మనం వేసుకునే వీలున్న, ఆండ్రాయిడ్ మీద నడిచే ఈ-ఇంక్ రీడరే అడగాలి. ఒకే కంపెనీ స్టోర్‌కు కట్టేసినది ఊరికే ఇచ్చినా వద్దు.

ఐటీడీఏ పీఓ గారికిచ్చే వినతిపత్రంలో ఇవి పెడుతున్నాం: ప్రతి పోస్ట్‌మెట్రిక్ హాస్టల్ లైబ్రరీకి పదంగుళాల రీడర్లు కనీసం ఐదు, పుస్తకాల్లాగే రిజిస్టర్‌లో రాసి ఇవ్వాలి. మన భాషల్లో అచ్చువేసే వాచకాలు, కథల పుస్తకాలు పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ ఈపబ్‌గా కూడా విడుదల చేయాలి. రెండోదానికి పెద్దగా ఖర్చు కూడా లేదు, కాబట్టి బడ్జెట్ లేదనే జవాబు చెల్లదు.

ఆదివారంలోపు మీ హాస్టల్లో గదికి ఎంతమంది, ప్లగ్ పాయింట్లు ఎన్ని, గత నెలలో కరెంటు లేని రాత్రులు ఎన్ని, లెక్కపెట్టి హాస్టల్ పేరుతో పంపండి. వినతిపత్రం వెనక జత చేస్తాం.